నా కొడుకే చూసుకుంటాడు

ఆ వీధిలో అందరూ అతన్ని పరుపులాయన అంటారు. పరుపు కుట్టి ఏళ్ళు గడిచినా ఆ పేరు మాత్రం వదల్లేదు. ఇప్పుడతను వీధి మలుపులో, మూతపడ్డ ఫోటో స్టూడియో అరుగు మీద కూర్చుని తెగిన సంచులు, ఊడిన జిప్పులు, పిల్లల స్కూలు బ్యాగుల పట్టీలు కుడుతుంటాడు. జనం నోట్లో ఒకసారి పడ్డ పేరు అంత తేలిగ్గా ఊడుతుందా? ఏ జిప్పో అయితే ఊడుతుంది గానీ.

పరుపులు కుట్టినన్నాళ్ళూ అతని పనికి వంక పెట్టినవాడు లేడు. దూది నింపి, కర్రతో సర్ది, పైన గుడ్డ వేశాక కళ్ళు మూసుకుని, అరచెయ్యి దొప్పలా చేసి పరుపంతా తట్టుకుంటూ పోయేవాడు. దూది ఎక్కడ ఉండ కట్టిందో చప్పుడులోనే తెలిసిపోయేది. ఉండ దొరికిందా, మళ్ళీ మొత్తం విప్పాల్సిందే, పైపైన దబ్బనం దింపి చేతులు దులుపుకునే రకం కాదు. పెళ్ళి చేసుకోలేదు. ఏమయ్యా అంటే, అందరి పడకలూ సర్దే గొడవలో నా పడక సంగతి మర్చిపోయాను అని నవ్వేసేవాడు.

అంత పని వచ్చినవాడు ఎందుకు మానేశాడంటే, అక్క కోసం. తల్లి పోయేనాటికి అతనికి పాలపళ్ళు కూడా ఊడలేదు. అక్కే చంకనేసుకుని తిప్పింది, అన్నం కలిపి నోట్లో పెట్టింది, తన పెళ్ళయ్యాక కూడా అత్తవారికి నచ్చచెప్పి వెంట తీసుకెళ్ళింది. ఆ అక్కకి భర్త పోయిన తర్వాత ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. లోపలి గొట్టాలు వదులైపోయి, కఫం బయటికి రాకుండా అక్కడే నిలిచిపోయే రోగం. ఒకరోజు అతను పని నుంచి వచ్చి పక్కన కూర్చున్నాడో లేదో, ఆవిడకి దగ్గు తెర వచ్చి ముఖం నల్లబడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ అతని జుట్టులోంచి ఒక దూది పోగు తీసి చూపించి, ఇది ఇంటికి రాకూడదు అంది. ఆ వారంలోనే దూది ఏకే మిషను అమ్మేశాడు. తొందరపడకు, ఆలోచించుకో అని చెప్పినవాళ్ళతో, మిషను మళ్ళీ దొరుకుతుందిలే అన్నాడు. మళ్ళీ కొన్నదీ లేదు, కొనలేదే అని ఏడ్చిందీ లేదు.

డాక్టరమ్మ చెప్పిన వైద్యాల్లో ఒకటి అతని చేతికి ముందే వచ్చు. పొద్దునా సాయంత్రం ఆవిడని దిండు మీద బోర్లా వాల్చి, అరచెయ్యి దొప్పలా చేసి వీపు మీద తట్టాలి. లోపల పట్టేసిన కఫం కదిలి దగ్గుతో బయటికొస్తుంది. ఒక్కపూట మానితే ఆవిడకి అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఊపిరి చాలదు. కఫం పట్టే గిన్నె కడగడం, మందులు వెయ్యడం, అన్నం మెత్తగా వండడం, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకడం, అన్నీ అతనే. అక్క మాత్రం తక్కువదా? నన్ను కూడా పరుపు చేసేశావు కదరా అనేది. పరుపైతే నోరు మూసుకుని పడుండేది అనేవాడు ఇతను. అలా ఒకరినొకరు ఆటపట్టించుకుంటూనే ఏళ్ళు గడిపేశారు.

ఇక ఆవిడకి కొడుకొకడున్నాడు. ఎక్కడో దేశాలు పట్టుకుని పోలేదు, అదే ఊళ్ళో, బస్సెక్కితే అరగంటలో దిగేంత దూరంలో పైపులు, కుళాయిలు అమ్ముకుంటూ పెళ్ళాం పిల్లలతో ఉన్నాడు. చెడ్డవాడని అనడానికి లేదు. తాగడు, తిట్టడు, ఫోన్ చేస్తే అమ్మా అంటాడు. రావడం మాత్రం రాడు. వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి, బండి అడ్డంగా పెట్టొచ్చానమ్మా అంటాడు. చెప్పులు కూడా విప్పడు.

కానీ ఆవిడని ఎవరైనా అడగనివ్వండి, పక్కింటావిడ గానీ, మందుల షాపతను గానీ, ఎవరు చూసుకుంటున్నారమ్మా నిన్ను అని. ఆవిడ నోటి వెంట ఒకటే మాట వచ్చేది, నా కొడుకే చూసుకుంటాడు. ఆ మాట అనేటప్పుడు తమ్ముడు కఫం గిన్నె చేత్తో పట్టుకుని పక్కనే నిలబడి ఉండేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కాదూ? అయినా అతను నొచ్చుకోలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకునేది అక్క ఒక్కతే కాదు, ఇతను కూడా. పైగా ఆ మాటకి ఊతకర్ర తెచ్చిచ్చింది ఇతనే. కమలాపళ్ళు కొనుక్కొచ్చి నీ కొడుకు పంపించాడక్కా అనేవాడు. చలికాలంలో ఒక ఉన్ని శాలువా చవగ్గా దొరికితే, అంచు ఊడి ఉందని అరుగు మీదే కూర్చుని శుభ్రంగా కుట్టి, పట్టుకెళ్ళి, ఇది కూడా వాడే పంపించాడు అన్నాడు. ఆవిడ దాన్ని నాలుగిళ్ళవాళ్ళకీ చూపించుకుంది. అక్క ముఖం అలా వెలిగితే తనకి అంతకంటే ఏం కావాలి అనుకున్నాడు పిచ్చి మారాజు.

అంతలో ఆ మాయరోగం వచ్చిపడింది. వీధులు మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు. ఊపిరి బాగా ఉన్నవాళ్ళే నేలరాలిపోతుంటే, అక్కలాంటివాళ్ళ సంగతి చెప్పాలా? పరుపులాయనకి తన ప్రాణం మీద పెద్ద బెంగ లేదు. అతని భయమల్లా ఒకటే, తన చేతులతో తనే ఆ రోగాన్ని ఇంటికి మోసుకెళ్తానేమోనని. ఎవరెవరివో సంచులు పట్టుకోవాలి, ఎవరెవరో మీదికి వంగి జిప్పు చూపిస్తారు. పని మానేస్తే మందులు రావు. అందుకని గుమ్మం బయటే బట్టలు మార్చుకునేవాడు, వరండాలోనే పడుకునేవాడు, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, ముఖం పక్కకి తిప్పుకుని ఆవిడ వీపు తట్టేవాడు. ఒకప్పుడు దూది పోగు, ఇప్పుడు కంటికి కనపడని పురుగు. అప్పుడైతే మిషను అమ్మేశాడు, ఇప్పుడు ఏం అమ్మాలి?

అలాంటప్పుడు టీకా వచ్చింది. ముందు ముసలివాళ్ళకీ, అక్కలాంటి రోగులకీ వేశారు. అక్కని అతనే తీసుకెళ్ళి వేయించుకొచ్చాడు. ఆవిడ వాడే మందుల వల్ల ఈ సూది ఆవిడ ఒంట్లో సగమే పనిచెయ్యచ్చని, అందుకే పక్కనుండేవాళ్ళకి కూడా వెయ్యడం ముఖ్యమని డాక్టరమ్మ చెప్పింది. వయసు ప్రకారం చూస్తే అతని వంతు రావడానికి ఇంకా చాలా నెలలు పట్టేది. ఇంతలో కొత్త నియమం వచ్చింది. ఇలాంటి రోగిని ఇంట్లో ఉండి, జీతం లేకుండా చూసుకునే మనిషికి, రోగికి ఒకరు చొప్పున, ముందే వేస్తారట.

ఈ మాట మందుల షాపు దగ్గర విని అతను రెండోసారి చెప్పించుకున్నాడు. జీతం లేకుండా చూసుకునేవాళ్ళని ఒక జాతి ఉందనీ, ఆ జాతిని లెక్కపెట్టేవాళ్ళు ఎక్కడో ఉన్నారనీ అతనికి అప్పటిదాకా తెలియదు. అరుగు మీదికి వచ్చి కూర్చున్నాక తనలో తనే నవ్వుకున్నాడు. సూది పడితే వరండాలోంచి లోపలికి మారచ్చు. అక్క వీపు తట్టేటప్పుడు ముఖం తిప్పుకోనక్కర్లేదు. అంతకంటే పెద్ద కోరికలేం లేవు ఆ మనిషికి.

చెయ్యి సులువుగా పైకెత్తుకోవచ్చని ఉతికిన పొట్టిచేతుల చొక్కా వేసుకుని వెళ్ళాడు. టీకాలు ఒక స్కూలు హాల్లో వేస్తున్నారు. కుర్చీలు దూరం దూరంగా వేసి ఉన్నాయి. వంతు వచ్చాక, బల్ల ముందు కూర్చున్న నర్సమ్మకి అక్క సంగతి చెప్పాడు. ఆవిడ కంప్యూటర్లో చూసి, ఆ అమ్మగారి తరఫున మనిషికి మొన్ననే వేసేశామండీ అంది.

ఎవరికి వేశారని అడిగితే, వాళ్ళబ్బాయికి అంది.

అతను ముందు నవ్వాడు. ఎక్కడో పొరపాటు పడ్డారమ్మా, ఆవిడని చూసుకునేది నేనే, తమ్ముణ్ణి అన్నాడు. నర్సమ్మ విసుక్కోలేదు.

"మేం ఊహించుకుని వెయ్యలేదండీ. ఆవిడకే ఫోన్ చేసి అడిగాం. నా కొడుకే చూసుకుంటాడు అని ఆవిడే చెప్పారు."

ఆ మాట అతను ఎన్నిసార్లు వినలేదు? విని విని చెవులకి అలవాటైపోయిన మాటే. కానీ ముక్కూ ముఖం తెలియని మనిషి నోట వినడం ఇదే మొదటిసారి. వెనక వరసలో ఒకాయన, ఈమధ్య ప్రతివాడి ఇంట్లోనూ రోగులు పుట్టుకొస్తున్నారు అని పక్కవాడితో అంటున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. పైకెత్తుకున్న చొక్కా చెయ్యి కిందికి లాగేసుకున్నాడు.

నర్సమ్మ జాలిపడిందో, నిజం గ్రహించిందో మరి, ఒక దారి చెప్పింది. రేపు పొద్దున్న తను మళ్ళీ ఫోన్ చేస్తుందట. చూసుకునేది తమ్ముడని ఆవిడ నోటితో ఒక్క మాట చెబితే చాలట, మధ్యాహ్నానికల్లా ఇతనికి సూది పడుతుందట. కాకపోతే ఆ అబ్బాయికి రెండోసారి వెయ్యాల్సింది ఆపేస్తారట, ఒక రోగికి ఒకరే కాబట్టి.

ఇంటికి వెళ్ళకుండా నేరుగా మేనల్లుడి దుకాణానికి వెళ్ళాడు. వాడు మామయ్యని చూడగానే తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. నేనడగలేదు మామయ్యా, అమ్మే చెప్పింది, వాళ్ళే రమ్మన్నారు, వెళ్ళాను అన్నాడు. మరి నువ్వు చూసుకుంటున్నావా అంటే, ఇకమీదట రావాలనే కదా వేయించుకున్నది, సూది లేకుండా అమ్మ దగ్గరికెలా వస్తాను, మంచిది కాదు కదా అన్నాడు. మాట చూడండి ఎంత సొంపుగా ఉందో. సూదులూ రోగాలూ లేని రోజుల్లో వీడికి ఏం అడ్డమొచ్చిందని మామయ్య అడగలేదు. అడిగుండాల్సింది. నాకైతే ఇప్పటికీ అక్కసే.

బస్సులో వస్తూ అతను తప్పంతా తన మీదే వేసుకున్నాడు. అక్క ఏం చేస్తుంది పాపం? కొడుకు పళ్ళు పంపిస్తున్నాడు, శాలువాలు పంపిస్తున్నాడు అని తనే కదా నమ్మించాడు. నమ్మింది, చెప్పింది. అబద్ధం తనది. నిజం చెప్పేస్తే ఆవిడే దిద్దుకుంటుంది. అలా అనుకున్నాక కాస్త ఊపిరి తిరిగింది. బట్టలు మార్చుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని, సాయంత్రం వీపు తట్టడం అయ్యాక చెప్పాడు. ఆ పళ్ళు వాడు పంపినవి కావు. ఆ శాలువా వాడు కొన్నది కాదు. నీ మనసు కష్టపడుతుందని నేనే అలా చెప్పానక్కా, ఏమనుకోకు అన్నాడు.

ఆవిడ గిన్నె పక్కన పెట్టి మూతి తుడుచుకుంది.

"తెలుసురా" అంది.

ఏం తెలుసక్కా అన్నాడు అతను.

"శాలువా అంచు చూడగానే తెలిసింది. ఆ కుట్టు ఎవరిదో నాకు తెలియదట్రా? నేను పెంచిన చెయ్యేగా."

అయితే ఏళ్ళ తరబడి ఇద్దరూ ఒకే అబద్ధాన్ని చెరో చివరా పట్టుకుని మోశారన్నమాట. ఇది వినగానే అతనికి కోపం రావాల్సింది, రాలేదు. హాయిగా అనిపించింది కూడా. ఎవరు చేస్తున్నారో అక్కకి తెలుసు, అది చాలు అనుకున్నాడు. నర్సమ్మ చెప్పిందంతా చెప్పాడు, రెండో సూది మేనల్లుడికి ఆపేస్తారన్న సంగతి కూడా దాచకుండా చెప్పాడు. ఆవిడ కాసేపు దుప్పటి అంచు నలిపింది. సర్లేరా, రేపు చెప్తాలే, దీనికింత ముఖం వేళ్ళాడేసుకోవాలా అంది. ఆ రాత్రి వరండాలో అతనికి మంచి నిద్ర పట్టింది.

పొద్దున్న ఫోన్ వచ్చింది. ఆవిడకి ఫోన్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది, అందుకని ఇంట్లో ఉన్నప్పుడల్లా తమ్ముడే ఆవిడ చెవి దగ్గర పట్టుకుంటాడు. వాళ్ళు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు మాత్రం అతను అరుగు మీద పనిలో ఉన్నాడు. ఆ రోజూ అతనే పట్టుకున్నాడు. నర్సమ్మ గొంతు అతనికీ స్పష్టంగా వినపడుతూనే ఉంది. పేరడిగింది, ఎలా ఉన్నారమ్మా అని అడిగింది. తర్వాత, ఇంట్లో మిమ్మల్ని రోజూ చూసుకునేది ఎవరమ్మా, సరిగ్గా చెప్పండి, అని నెమ్మదిగా అడిగింది.

అక్క అతని ముఖంలోకి చూసింది. పక్కకి తిరిగిందా అంటే అదీ లేదు, తిన్నగా అతని కళ్ళలోకే చూసింది.

"నా కొడుకే చూసుకుంటాడమ్మా" అంది.

నర్సమ్మ ఇంకోసారి అడిగింది. ఆవిడ ఇంకోసారి అదే చెప్పింది. ఫోన్ పెట్టేసిన చప్పుడయ్యాక కూడా అతను చెయ్యి అక్కడి నుంచి తియ్యలేదు. తీయమని అక్కే అంది.

"ఎందుకక్కా?" అని మాత్రం అడగగలిగాడు.

ఆవిడకి ఊపిరి అందడానికి కాస్త టైము పట్టింది. ఆ తర్వాత చెప్పిన మాటలో తడబాటు లేదు.

"నీకు సూది లేకపోయినా నువ్వు నన్నొదిలి పోవురా. వాడికి లేకపోతే వాడు రాడు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు. పనికిరాకపోవడం కాదు, ఎంత వాడినా అక్కడే ఉంటుందని ధీమా. ఎక్కడికి పోతుంది కనక? అతను దూది వదిలాడు, పెళ్ళి ఆలోచన వదిలాడు, లోపలి గది వదిలి వరండాలోకి జరిగాడు. ఇన్నీ ఎందుకు వదిలాడో తెలిసిన ఒకే ఒక్క మనిషి, తెలిసీ, కళ్ళలోకి చూస్తూ అతన్ని లెక్కలోంచి తీసేసింది. పరాయివాళ్ళు చేస్తే మోసం అంటాం. పెంచిన చెయ్యే ఇలా చేస్తే దానికి ఏం పేరు పెట్టాలో అతనికి తోచలేదు. ఆవిడ ప్రాణానికి కూడా ఇది మంచిది కాదన్న మాట గొంతుదాకా వచ్చింది. అదీ ఆవిడకి తెలుసు. తెలిసే తన ప్రాణం కూడా కలిపి పందెం కాసింది, కొడుకు గుమ్మం దాటి లోపలికొస్తాడని.

అక్కతో మాట్లాడ్డం తగ్గించేశాడు. ఆటపట్టించడం లేదు, ఎదురు జవాబు లేదు. మందు వేళకి మందు, గిన్నె వేళకి గిన్నె. ముఖానికి గుడ్డ ఇంకొంచెం బిగించి కట్టుకుని, తల ఇంకొంచెం దూరంగా తిప్పుకుని వీపు తట్టేవాడు. మాట్లాడరా అని ఆవిడ ఒకటి రెండుసార్లు అంది. మాట్లాడితే నోట్లోంచి రోగం వస్తుందక్కా, సూది పడనివాణ్ణి అన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

కొడుక్కి రెండో సూది కూడా పడింది. వస్తాడని ఆవిడ శుభ్రమైన దుప్పటి పరిపించుకుంది, తలదువ్వించుకుంది, ఆ శాలువా భుజాన వేయించుకుంది. పరుపులాయన అన్నీ చేసిపెట్టాడు. సాయంత్రం దాకా గుమ్మంలో ఎవరూ లేరు. చివరికి ఫోన్ వచ్చింది. అలవాటు ప్రకారం ఇతనే చెవి దగ్గర పట్టుకున్నాడు. ఇప్పుడు భయం లేదు కదమ్మా, ఇన్నాళ్ళూ ఆగిపోయిన పనులన్నీ చూసుకోవాలి, సరుకు కోసం నాలుగూళ్ళు తిరగాలి, తీరిక చూసుకుని వస్తాను, నీకేం, మామయ్య ఉన్నాడుగా అన్నాడు కొడుకు. అలాగే నాన్నా, జాగ్రత్త అంది ఆవిడ.

మర్నాడు సాయంత్రం పరుపులాయన అరుగు మీది సామాను సర్దుకుని వస్తూ, పళ్ళ బండి దగ్గర ఆగాడు. ఎప్పుడూ ఇలాంటి రోజునే ఆగేవాడు, కొడుకు వస్తానని రాని మర్నాడు. చెయ్యి తనంతట తనే కమలాపళ్ళు ఏరింది, మెత్తబడ్డవి పక్కకి తీసింది, సంచిలో వేసుకుంది. గుమ్మం బయట బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కుని, పళ్ళు పళ్ళెంలో పెట్టి మంచం పక్కన బల్ల మీద పెట్టాడు.

అక్క పళ్ళ వైపు చూసింది, తర్వాత అతని వైపు చూసింది. అన్నీ తెలిసిన మనిషే. అయినా ఆవిడ ముఖంలో ఆశ కనపడింది.

"ఎవరు పంపించార్రా?" అని అడిగింది.

పక్కింటావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది, గిన్నె ఏదో తిరిగివ్వడానికి వచ్చి. ఆవిడా వింటోంది. అతను ఎప్పుడూ చెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎవరూ పంపలేదక్కా" అన్నాడు. "నేనే కొన్నాను."

పక్కింటావిడ గిన్నె కింద పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది. అక్క పండు ముట్టుకోలేదు. శాలువా తీసి పక్కన పెట్టి, దిండు దగ్గరికి లాక్కుని, మెల్లగా బోర్లా తిరిగి వీపు అతనికి ఇచ్చింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి, దగ్గుకో దేనికో. అతను గుడ్డ బిగించుకుని, ముఖం పక్కకి తిప్పుకుని, అరచెయ్యి దొప్పలా చేసి తట్టడం మొదలుపెట్టాడు.